బండారి ముట్టిన ఊరు

12 నవంబర్ 1985, మంగళవారం

ఊరంతా ఒప్పుకుంది. ఈ మాట రాయడం కోసమే ఇంత అలసటలోనూ డైరీ తీశాను.

తంగెడుకుంటకు గోబర్ గ్యాస్ ఖాయం. ఊరందరి పెండ ఒకే గుంతలో పడుతుంది, ఊరందరి పొయ్యిలూ దాంతోనే మండుతాయి. ఒకరిది కాదు, అందరిదీ. వానాకాలంలో ఈ స్కీములో టెంపరరీ పనికి చేరినప్పటి నుంచి వాడవాడా తిరిగి, అరుగుల మీద కూచుని, బీడీల పొగలో దగ్గుకుంటూ నేను చెబుతూ వచ్చింది ఇదే. అందరూ విన్నారు. అందరూ "మంచిదే బిడ్డా" అన్నారు. తెల్లారితే ఎవరి పెండ వాళ్ల పెంటకుప్పకే పోయింది.

ఈ రోజు ఆఫీసు నుంచి వచ్చిన సారు కచ్చితంగా చెప్పేశారు. పొద్దు గూకేలోగా ఊరు ఒక్కమాట మీదికి రాకపోతే స్కీము వేరే ఊరికి పోతుంది. పంచాయతీ ముందు జనం బాగానే చేరారు. కానీ ఒకరు ఔనంటే ఒకరు కాదంటారు. సారు గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు తట్టింది నాకు. ఇంటికి పరుగెత్తి, గోడకు వేలాడుతున్న బాపు బండారి సంచి పట్టుకొచ్చాను. మల్లన్న పసుపు అది. అది చేతిలో పోసుకుని మాట ఇస్తే ఈ ఊళ్లో ఏ కులం వాళ్లయినా తప్పరు. కురుమ ఇంట్లో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా.

మాట నేనే కట్టాను. "ఈ ఊరి పెండ గుంతకే పోతది. వేరే చేనుకు పోదు, వేరే నిప్పుకు పోదు." చివరి ముక్క అప్పటికప్పుడు నోటికి వచ్చింది. వినడానికి బాగుంది.

ఆడవాళ్లు అడ్డం తిరిగారు. "మరి వాకిట్ల సాన్పు దేంతోని చల్లాలె? నీ సదువు చల్లుకోవాల్నా పోరీ?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "సాన్పుకు, అలుకుకు తప్ప" అని కలిపాను. ఇక ఎవరికీ పేచీ లేదు.

మొదట నేనే ముట్టాను. తర్వాత వరసగా అందరూ. సర్పంచి భూపాల్‌రావు దొర మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "నేనెందుకు ముట్టుడు? మా కొండల్ ముడుతడు. వాడు ముట్టినా నేను ముట్టినా ఒకటే" అన్నాడు. కొండల్ ఆయన దగ్గర జీతం ఉంటాడు. దొర వైపు ఒకసారి చూసి చెయ్యి చాపాడు. ఊళ్లో సగం పశువులు దొరవే కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది.

సారు జీపెక్కుతూ "ఇది మంచి పద్ధతి కొమురమ్మ గారూ, పై వాళ్లకు రాస్తాను" అన్నారు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరినీ ఎవరూ 'గారూ' అనలేదు.

ఎవరినీ బలవంతం చేయలేదు. కుమ్మరోళ్ల దేవత్త ఏదో అడగబోయింది. రేపు పోయి అడుగుతాను.

15 నవంబర్

బాపు మంద దగ్గర నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, గోడకున్న సంచిని చేత్తో తూచినట్టు పట్టుకుని చూశాడు.

"తేలికైంది."

చెప్పాను. గ్యాసు గురించి, సారు మెచ్చుకోవడం గురించి ఎక్కువ చెప్పాను.

"మా తాత మంద తప్పిపోయినప్పుడు ఒక్కపారి తీసిండు. నేను ఇంతవరకు తియ్యలే" అన్నాడు బాపు.

"ఊరి మంచికే గద బాపూ. మాట మీద నిలవాలె గద."

"నిలుస్తరు. గదే నా భయం."

అన్నం తిని మందకు పోయాడు. బాపుకు చదువు లేదు, ఆయనకు అన్నిటికీ భయమే.

3 డిసెంబర్

గుంత తవ్వడం అయిపోవచ్చింది. మొదటిసారి నింపడానికి కావలసిన పెండ ఇప్పటినుంచే పక్కన కుప్ప పడుతోంది. ఆడవాళ్లు పొద్దున్నే గంపలు దింపి, నన్ను చూసి, "సూస్తున్నవా, రాస్తున్నవా?" అని ఆటపట్టించి పోతున్నారు. సంతోషంగా ఉంది.

దేవత్తను ఇప్పటికి కలిశాను. పనుల్లో పడి కుదరలేదు.

దేవవ్వ కుమ్మరి పర్శరాములు భార్య. నేను హుస్నాబాద్ బడికి పోయే రోజుల్లో ఆమె అంగడికి కుండలు మోసుకుపోయేది. వాగు దగ్గర నా చెయ్యి పట్టుకుని దాటించేది. తలమీద కుండల గంప ఉన్నా మెడ తిప్పకుండానే నా చెప్పులు ఎక్కడ జారుతున్నాయో చెప్పేది. నన్ను ఇప్పటికీ కోడలా అంటుంది, కొడుకులు లేకపోయినా.

ఆమె పెండ గంప గోడ దగ్గర బోర్లించి ఉంది. కింద కోడిపిల్లలు.

"అత్తా, గంప గిట్ల బోర్లేసినవేంది?"

"ఇగ దాంతోని పనేమున్నది కోడలా? కోళ్లకు గూడైంది."

"ఇండ్లల్ల పెండే గద గుంతకు పోయేది. బాటల మీద నువ్వు ఏరుకునేదాన్ని ఎవరు కాదన్నరు?"

"ఊరి పెండ అన్నవ్. బాట ఊరిది గాదా?"

నవ్వుదామనుకున్నాను. ఆమె నవ్వడం లేదు.

"వేరే నిప్పుకు పోదన్నవ్" అంది. "ఆవం వేరే నిప్పే గద."

కుండలు కాల్చే ఆవం పిడకలతోనే కాలుతుంది. ఆమె రోజంతా ఏరేది, ఇళ్లలో కుండ ఇచ్చి బదులుగా పెండ తెచ్చుకునేది, గోడంతా పిడకలు కొట్టేది అందుకే. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మీటింగులో మాట కట్టినప్పుడు నాకు గుర్తు రాలేదు.

"నీ గురించి కాదత్తా అన్నది. నువ్వు ఏరుకో. నేనే చెప్తున్న."

"నువ్వు చెప్తే అయితదా? ముట్టిచ్చింది నువ్వే గని, ముట్టింది మల్లన్నది."

"గ్యాసొస్తది. నీ ఇంటికి సుత పైపు వేస్తరు."

"అన్నం వండుకుంటం. కుండలెట్ల కాలాలె?"

కోపంగా అడిగి ఉంటే బాగుండేది. తెలుసుకుందామని అడిగింది. గ్యాసు బిగించే నజీరుద్దీన్ వస్తాడు, ఆయన్ను అడుగుతానన్నాను.

8 డిసెంబర్

కుమ్మరోళ్ల గల్లీ మీదుగా కాకుండా చుట్టు తిరిగి పోయాను. ఎండ బాగుందని.

27 డిసెంబర్

హుస్నాబాద్ నుంచి ఇనుప డ్రమ్ము వచ్చింది. గుంత మీద బోర్లించారు. ఊరి పిల్లలంతా చుట్టూ. నజీరుద్దీన్ చాచా చేతులకు గ్రీజుతోనే పాఠం చెప్పాడు. "గ్యాసు నిండితే డ్రమ్ము లేస్తది, వాడుకుంటె దిగుతది. ఎంత మేపితే అంత. బర్రె తీరు. ఫికర్ జెయ్యకుండ్రి, తన్నదు."

అందరూ పోయాక అడిగాను. "చాచా, కుండల ఆవానికి గ్యాసు పెట్టొచ్చా?"

"క్యా బేటీ! ఊరంత పస్తుంటే ఒక్క ఆవం కాలుతదో లేదో. ఎవలికి?"

"ఎవరికీ కాదు. ఊరికే అడిగిన."

9 జనవరి 1986

మండింది!

మొదటి పొయ్యి సాలోళ్ల ఇంట్లో వెలిగించారు. నీలం మంట. పొగ లేదు. ఒకామె అగ్గిపుల్ల చేతిలో పట్టుకునే అరిచింది, "మసి లేదు సూడుండ్రే, మసే లేదు!" ఇంకొకామె, "ఇగ మా అత్తకు ఏ సాకు దొరకాలె నా మీద ఒర్రడానికి?" అంది. అత్త పక్కనే ఉంది. ఆమే ఎక్కువ నవ్వింది.

దేవత్త కూడా వచ్చింది. వంగి చూసి, "కట్లపువ్వు రంగున్నది. మంచిగ జేసినవ్ కోడలా" అంది. నిజమైన మెచ్చుకోలు. వ్యంగ్యమేమీ లేదు. నేను పైపు బిగింపు చూడాలని లేచి బయటికి వచ్చేశాను. పైపు బాగానే ఉంది.

10 జనవరి

పర్శరాములు మామ హుస్నాబాద్‌లో ఇటుక బట్టీ పనికి పోతున్నాడట.

24 జనవరి

"డ్రమ్ము లేచిందా?" ఇప్పుడు ఊళ్లో పలకరింపు ఇదే. వారం నుంచి సరిగ్గా లేవడం లేదు. పప్పు ఉడకకముందే మంట పడిపోతోంది. మళ్లీ కట్టెల పొయ్యి అంటించుకుంటూ ఆడవాళ్లు నా వైపు చూస్తున్నారు. "నీ బర్రె వట్టిపోయిందేందే?" అని అడిగారు.

పొద్దున్నే డ్రమ్ము చూద్దామని పోతుంటే దొర గడిలోంచి ఎడ్లబండి వస్తోంది. కొండల్ తోలుతున్నాడు. బండి నిండా పెండ. గుంత వైపు కాక మామిడి తోట బాట పట్టింది. నన్ను చూసి కొండల్ తల దించుకుని ఎడ్లను అదిలించాడు.

అలుకుకు అయి ఉంటుంది. దొర గడి పెద్దది.

25 జనవరి

బండెడు పెండతో ఏ ఇల్లూ అలకరు. నిన్న అది రాసింది నేనే.

గ్యాసు సంఘానికి అధ్యక్షుడు దొరే. ఏప్రిల్ నుంచి నన్ను పర్మినెంటు చేయాలంటే సంఘం అధ్యక్షుడు సిఫారసు చేయాలని సారు చెప్పారు. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు. రెండింటికీ సంబంధం లేదు. సమయం చూసుకుని దొరతో మాట్లాడతాను, మెల్లగా, నలుగురిలో కాకుండా.

30 జనవరి

డ్రమ్ము లేవలేదు. దొరతో మాట్లాడలేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం

రాయాలి. అంతా రాయాలి.

మధ్యాహ్నం కుమ్మరోళ్ల వైపు నుంచి పొగ లేచింది. దట్టమైన పొగ. పంచాయతీ దగ్గర కూచున్నవాళ్లందరూ ఒకేసారి చూశారు. దొర లేచి కండువా దులిపాడు. "ఇగో, మీ డ్రమ్ము ఎందుకు లేస్తలేదో కనవడుతలేదా? దొంగను ఎతుకుడెందుకు, దొంగే పొగ వెడుతుంటే." పదిమంది లేచారు. నన్ను కూడా పిలిచారు, సంఘం పని చూసేదాన్ని కదా. నేను పోయాను.

పోయాను. ముందు వరసలో నడిచాను.

ఆవం కాలుతోంది. కానీ అది ఆవం కాలే తీరు కాదు. ఆవం మెల్లగా, లోపల లోపల కనలాలి. ఇక్కడ మంట భగ్గున లేచి పడిపోతోంది. పత్తి కట్టె, మక్క చొప్ప, ఈత మట్టలు. లోపల కుండలు పగులుతున్నాయి. ఠప్, ఠప్ అని వినిపిస్తోంది. దేవత్త ఒక్కతే, కొంగు నడుముకు చుట్టుకుని, చెమటలో. పర్శరాములు మామ బట్టీ దగ్గరే ఉన్నాడు.

"ఏమే దేవీ, ఊరి పెండ కమ్మగ కాలుతుందా?" అన్నాడు దొర.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఒక వెదురు తీసుకుని ఆవం అంచు కెలికి బూడిద బయటికి లాగింది.

"పిడక బూడిదెట్లుంటదో మీకెరుకలేదా? సూడుండ్రి. మాఘమాసం లగ్గాలకు ఐరేని కుండలు కావాలన్నరు మీరే. ఇయ్యకుంటె పిల్లలకు లగ్గమైతదా అని, దొరికిన కట్టె పెట్టిన. గింత పెండ ముట్టలే."

ఒక కుండను కర్రతో బయటికి దొర్లించింది. పెదవి నుంచి అడుగు దాకా పగులు. దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది.

"సదువుకున్నదానివి, నువ్వు చెప్పు కోడలా. పెండ కాలిన వాసనొస్తుందా?"

అందరూ నా వైపు చూశారు. దొర కూడా. దొర వెనక కొండల్ ఉన్నాడు, నేల చూస్తూ.

"లేదు" అన్నాను.

"ఇయ్యాల కట్టె కాల్చిండ్రు. నిన్న ఏం కాల్చిండ్రో" అన్నాడు దొర. ఎవరో నవ్వారు. "పెండదొంగలు" అని వెనక నుంచి మెల్లగా వినిపించింది. జనం కదిలారు. నేనూ కదిలాను.

3 ఫిబ్రవరి

"లేదు" అన్నాను. ఆమె వైపే అన్నాను. ఆమె కోసం ఏమీ అనలేదని ఎవరూ అనలేరు.

4 ఫిబ్రవరి

పిల్లలు ఆడుకుంటూ పాట కట్టారు, కుమ్మరోళ్ల పెండదొంగ అని. వాళ్లను కసిరాను. పిల్లలను కసరడానికి ధైర్యం అక్కర్లేదు.

6 ఫిబ్రవరి

సాయంత్రం కొండల్ వచ్చాడు, నా కోసం కాదు, బాపు కోసం. నేను లోపల ఉన్నానని తెలియదు. అరుగు కింద కూచున్నాడు, పైకి రమ్మన్నా రాలేదు.

"అన్నా, ఒకటి అడగాలె. దొర ముట్టాల్సింది నేను ముట్టిన. దొర తోలుమంటే బండి తోలుతున్న. ఒట్టు తప్పింది దొరా, నేనా?"

బాపు బీడీ ముట్టించుకోకుండా పట్టుకుని కూచున్నాడు.

"పోరనికి జరమొచ్చింది. తగ్గుతలేదు. హుస్నాబాద్ దవాఖానల సూది ఏసిండ్రు. మా ఇంటిది రోజు అడుగుతుంది, ఏం తప్పు జేసినవని. బండి తోలుత లేనంటే జీతం పోతది. తోలితే..." అని ఆగిపోయాడు.

జ్వరం జ్వరమేనని, పసుపుతో రాదని చెప్పడానికి లేచాను. నేను చదువుకున్నాను, నాకు తెలుసు. గడప దగ్గర ఆగిపోయాను. ఆ సంగతి తెలిసే కదా ఆ పసుపు నేను వాడింది. వాళ్లు నమ్ముతారు, నేను నమ్మను. అందుకే అంత తేలికగా అందరి చేతుల్లో పోయగలిగాను.

"ఒట్టు తీసి గట్టున పెట్టే తీరు ఉండదా అన్నా?"

"పిల్లల ఒట్లు గట్టున పెడ్తరు" అన్నాడు బాపు. "గిది పెట్టిచ్చినోళ్లే తీసుకోవాలె. పది మంది ముంగట పోసిండ్రు, పది మంది ముంగట్నే కొంగువట్టి అడగాలె. ముట్టినోళ్లు చిటికెడు చిటికెడు తెచ్చి కొంగుల ఏస్తరు. గా బరువు కొంగువట్టినోళ్లదే ఇగ."

లోపల నేనున్నానని బాపుకు తెలుసు.

7 ఫిబ్రవరి

ఆ రోజు మీటింగులో జరిగింది ఇది. నేను రాసుకున్నది కాదు.

దేవత్త 'ఏదో అడగబోయింది' అని రాశాను. ఆమె అడిగింది. లేచి నిలబడి, "గది సరే గని కోడలా, మా ఆవానికి?" అంది. నాకు వినిపించింది. స్పష్టంగా వినిపించింది. సారు గడియారం చూసుకుంటున్నారు. సాన్పు సంగతి అడిగింది నలభై ఇళ్ల ఆడవాళ్లు, ఆవం సంగతి అడిగింది ఒక్క మనిషి. ఆ మాట మళ్లీ మొదలుపెడితే ఇంకొకరు ఇంకొకటి అడుగుతారని భయపడ్డాను. "తర్వాత చూద్దాం అత్తా" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, అరచేతిలో బండారి పోశాను.

వాగు దగ్గర నన్ను పట్టుకున్న చెయ్యి అది. ఎదురు చెప్పలేదు.

ఎవరినీ బలవంతం చేయలేదని రాశాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ మీటింగు పెట్టించాను. గ్యాసు తగ్గిన సంగతి మాట్లాడడానికి అని చాటింపు వేయించాను కాబట్టి అందరూ వచ్చారు. సారు రాలేదు. దొర వచ్చాడు, అదే కుర్చీ.

మూడు మాటలు చెప్పాలని పోయాను. బండారి ముట్టించడం నా తప్పు. దేవత్తను అడగనివ్వకపోవడం నా తప్పు. పెండ పోతున్నది కుమ్మరోళ్ల ఆవంలోకి కాదు, దొర మామిడి తోటలోకి.

మొదటిది చెప్పాను. రెండోది చెప్పాను. మూడోది చెప్పడానికి దొర వైపు తిరిగాను. ఆయన కాలు మీద కాలు వేసుకుని, తల కొంచెం పక్కకు వంచి, బడిపిల్ల పద్యం అప్పజెబితే వినేవాడిలా వింటున్నాడు. "చెప్పు కొమురమ్మా, ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు.

"లేదు" అన్నాను. ఈసారి కూడా అదే మాట.

కొంగు చాపి నిలబడ్డాను. ఒకామె, "గిదేం కొత్త ముచ్చటనే, మొన్న ఇచ్చి ఇయ్యాల గుంజుకుంటున్నవ్" అంది. బాపు ముందుకొచ్చి, సంచిలోంచి బండారి తీసి పళ్లెంలో పోసి నా పక్కన పెట్టాడు.

దేవత్త లేచింది. చిటికెడు తీసి నా కొంగులో వేసింది. "బరువుంటది బిడ్డా, పైలం" అంది. ఈసారి కోడలా అనలేదు.

ఆమె తర్వాత ఎవరూ రాలేదు. మిగతా వాళ్లకు ఒట్టు ఉంటేనేం, పోతేనేం. ఇక అయిపోయింది అనుకుంటుండగా దొర కుర్చీ వెనక నుంచి కొండల్ కదిలాడు.

"నువ్వెక్కడికిరా?"

"ముట్టింది నేనే గద దొరా."

"ముడితే?"

"పొద్దుగాల్ల బండి తోలేది సుత నేనే గద."

అతను గట్టిగా అనలేదు. నా కొంగు వైపు చూస్తూ, పళ్లెంలో వేళ్లు పెట్టి, అంత నిదానంగా అన్నాడు. వినపడని వాళ్లు పక్కవాళ్లను అడిగారు. "ఏం బండి?" "యాడికి తోలుతడట?" "తోటకు." ఆ మాట వెనక వరస దాకా పోయి, మళ్లీ ముందుకు వచ్చింది. అప్పుడు జనమంతా దొర వైపు తిరిగారు.

"నా పశువులు, నా పెండ" అంటూ లేచాడు దొర. "మీ గుంతల మీరే పడుండ్రి." కుర్చీ కూడా తీసుకురమ్మని కొండల్‌ను కేకేశాడు. కొండల్ చేతులు పసుపుతో ఉన్నాయి. కుర్చీ అక్కడే ఉండిపోయింది.

తర్వాత చాలా సేపు లొల్లి. మొదటి మీటింగులో నేను ఆపేసిన మాటలన్నీ వచ్చాయి. మడికట్టుకు, కల్లానికి, ఆవానికి, ఎవరి అవసరం వాళ్లది. దొర పెండ లేకుండా రెండు పూటలా గ్యాసు రాదు. ఒక్కపూటే వాడుకుంటామన్నారు. ప్రతి నెలా ఒక ఆవానికి సరిపడా పెండ కుమ్మరోళ్లకు వదలాలన్నారు. ఇది అన్నది, అప్పుడు సాన్పు సంగతి అడిగి నవ్విన ఆడవాళ్లే. ఈసారి బండారి ముట్టాలని ఎవరూ అడగలేదు.

చీర మార్చుకున్నాను. ఆ పసుపు మూటగట్టిన కొంగు ముడి విప్పలేదు.

18 ఫిబ్రవరి

కొండల్ జీతం పోయింది.

నా మాట అతను చెప్పాడు. నా బదులు అతను పోగొట్టుకున్నాడు. దొర బదులు ముట్టాడు, నా బదులు చెప్పాడు. ఈ ఊళ్లో అందరి బదులూ కొండలేనా.

నేను ఇప్పుడు పోయి దొర గడి ముందు అరిచినా ఎవరికీ కొత్త సంగతి కాదు. చెప్పాల్సిన రోజు చెప్పకపోతే తర్వాత చెప్పేది ఉత్త ముచ్చటే.

22 ఫిబ్రవరి

కొండల్ ఇంటికి పోయాను. పిల్లవాడు వాకిట్లో ఆడుతున్నాడు. "జరం దిగింది అక్కా, గా రోజే" అన్నాడు కొండల్, నాకు శుభవార్త చెబుతున్నట్టు. సూదిమందు పని చేసిందేమో. నేను అనలేదు. పర్శరాములు మామ బట్టీ నుంచి వచ్చేశాడట, చెరువు మట్టి తవ్వి మోయడానికి కొండల్‌ను తోడు రమ్మన్నాడట. "జీతమంటే జీతం గాదు. తిండికెల్తది" అన్నాడు.

క్షమించమని అడగడానికి పోయాను. చాయ్ తాగి వచ్చాను.

1 మార్చి

ఆవం కాలింది. పొగ సన్నగా, రోజంతా. ఎవరూ లేచి చూడలేదు.

సాయంత్రం దేవత్త కొత్త కుండ తెచ్చి మా గడపలో పెట్టింది. వేలితో తట్టి మోగించింది. గంటలా మోగింది. "నీళ్లు పోసుకో, సల్లగుంటయ్" అంది. పోబోతూ నా కొంగు వైపు చూసింది. ఆ చీరే కట్టుకుని ఉన్నాను.

"గది ఇంక ముడేసుకునే తిరుగుతున్నవా?"

"బరువుంటదన్నవ్ గద అత్తా."

"మోస్తున్నవని ఊరికి సూపిచ్చుకోవాల్నా? లోపట మోసుకో. చీర ఉతుక్కో."

ఉతికాను. పసుపు మరక పూర్తిగా పోలేదు.

5 మార్చి

సారు పిలిపించారు. సిఫారసు రాలేదు, పర్మినెంటు ఈ ఏడు లేదు. అయినా ఆయనకు నా మీద కోపం లేదు. "సమస్య మీ ఊరి దొరది. మీ పద్ధతి బాగుంది. సోమవారం చింతలకుర్తిలో మీటింగు. ఆ పసుపు తీసుకురండి" అన్నారు.

సరేనన్నాను. సరేనని ఎందుకన్నానో దారంతా ఆలోచించాను.

10 మార్చి, సోమవారం

పొద్దున సంచి గోడకే ఉంది. బాపు నన్ను చూశాడు, నేను సంచిని చూశాను. చేతులూపుకుంటూ బస్సెక్కాను.

చింతలకుర్తిలో బడి ముందు కూచున్నారు. మా ఊళ్లో ఎట్లా నడుస్తోందని అడిగారు. చెప్పాను. నీలం మంట గురించి చెప్పాను. డ్రమ్ము దిగిపోవడం గురించి, పగిలిన కుండల గురించి చెప్పాను. తప్పు మాట కట్టింది నేనేనని, నేను చెప్పాల్సింది కొండల్ అనే జీతగాడు చెప్పాడని, అతని పని పోయిందని, నా పని ఉందని చెప్పాను. సారు దగ్గారు. జనం గుసగుసలాడారు. ఇలాంటి మాటలు చెప్పడానికి వచ్చినదాన్ని వాళ్లు చూసి ఉండరు.

"పసుపు తెచ్చారా?" అని సారు మెల్లగా అడిగారు. తేలేదన్నాను.

చివరి వరసలో ఒక ముసలమ్మ లేచింది. చేతిలో కర్ర, మెడలో నల్లపూసల పేరు. "నాదొక ముచ్చట ఉన్నది. చెప్పాల్నా, వద్దా?" అంది. ముందు వరసలో మగవాళ్లు వెనక్కి తిరిగి, "కూసో అవ్వా, టైమైతుంది" అన్నారు. సారు గడియారం చూసుకున్నారు. అందరూ నా వైపు చూశారు, ఆమెను కూచోబెడతానని.

నేను కూచున్నాను. ఆమె నిలబడి మొదలుపెట్టింది, వాళ్ల మామ కాలంలో ఈ ఊరి పశువులు ఎన్ని ఉండేవో దగ్గర నుంచి.

పొద్దు గూకింది. జీపు పోయింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.